జైలు గది, రేవు మెట్లు

తెలుగు కుటుంబాలు సెలవులకు వెళ్లే దీవుల్లో అండమాన్ దగ్గరిది, మారిషస్ దూరానిది. రెండు చోట్లా టూరు ప్యాకేజీలో ముప్పాతిక వంతు బీచ్, మిగిలిన పూట ‘సైట్ సీయింగ్’. ఆ పూటలో పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) సెల్యులర్ జైలు తప్పకుండా ఉంటుంది. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ రేవులోని ఆప్రవాసీ ఘాట్ మాత్రం చాలా ప్యాకేజీల్లో కనిపించదు. అడిగితే ‘అక్కడ చూడ్డానికేముంది, నాలుగు రాళ్లు’ అంటారు. ఆ మాటలో సగం నిజమే. కట్టడంగా చూస్తే జైలుకు రేవు పోటీయే కాదు. పదేళ్ల పిల్లవాడికి చరిత్ర చెప్పే చోటుగా చూస్తే మాత్రం నా మొగ్గు ఆ నాలుగు రాళ్ల వైపే.

ముందు జైలు సంగతి. 1896లో మొదలుపెట్టి 1906కు పూర్తి చేశారు. నడుమ ఒక కావలి బురుజు, దాని నుంచి చక్రం ఆకుల్లా ఏడు బారులు, మూడేసి అంతస్తులు, దాదాపు 690 సెల్లులు. ఇటుక బర్మా నుంచి వచ్చింది. ఒక్కో గది పొడవు నాలుగున్నర మీటర్లు, వెడల్పు మూడు మీటర్లకు తక్కువ. గాలికి మూడు మీటర్ల ఎత్తులో చిన్న కిటికీ. ఒక బారు ముఖం పక్క బారు వీపును చూస్తుంది కాబట్టి ఖైదీకి ఇంకో ఖైదీ కనిపించే వీలు లేదు. పెద్దలు ఈ వివరాలు విని తల ఊపుతారు. పిల్లలకు పట్టేది తాళం. గడియ తలుపు మీద ఆగకుండా పక్క గోడలోకి పోయి, ఒక గూట్లో పడుతుంది. లోపలి నుంచి ఊచల మధ్య చెయ్యి ఎంత చాచినా తాళం అందదు. పిల్లల్ని లోపల నిలబెట్టి చెయ్యి చాపమనండి. ఏకాంత శిక్ష అంటే ఏమిటో అర నిమిషంలో తెలుస్తుంది, ఉపన్యాసం అక్కర్లేదు.

గానుగ కూడా అలాంటిదే. ఎద్దు తిప్పాల్సిన దాన్ని మనిషి చేత తిప్పించి, రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయమనేవారు, అంటే పదమూడు కిలోల పైమాటే. తక్కువైతే దెబ్బలు. ఇంట్లో నూనె ప్యాకెట్టు మోసిన పిల్లవాడికి ఈ లెక్క అర్థమవుతుంది. ఉరికంబం గది ఉంది. దాన్ని ఎంతసేపు చూపించాలో, అసలు చూపించాలో వద్దో తల్లిదండ్రులు తేల్చుకోవాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లల్ని నేనైతే అటు తీసుకెళ్లను.

ఇంత బాగా మాట్లాడే కట్టడం పగటిపూట. సాయంత్రం దానికి మైకు ఇస్తారు. ఆవరణలోని రావిచెట్టు సాక్షిగా కథ చెప్పే సౌండ్ అండ్ లైట్ షో ఏళ్ల తరబడి ఓం పురి గొంతుతో పేరు మోసింది. గొంతుకు వంక పెట్టలేం. కానీ ఎర్ర లైటు పడ్డప్పుడు భయపడాలి, కొరడా చప్పుడుకు ఉలిక్కిపడాలి, నినాదం వినిపిస్తే రోమాలు నిక్కబొడుచుకోవాలి: ఏ నిమిషాన ఏం అనుకోవాలో ముందే ఖాయం చేసిన ప్రదర్శన అది. పిల్లవాడికి ప్రశ్న పుట్టే సందు దొరకదు. ఆ రోజు పొద్దున తాళం దగ్గర ‘మరి అన్నం ఎలా పెట్టేవాళ్లు? రాత్రిళ్లు ఒంటికి వస్తే?’ అని అడిగిన పిల్లలే రాత్రి కుర్చీల్లో మాట్లాడకుండా కూర్చుంటారు. అది భక్తి అనుకుంటాం. సగం మంది నిద్రలో ఉంటారు.

కథను నాయకుల చుట్టూ అల్లడం ఇంకో చిక్కు. వినాయక్ దామోదర్ సావర్కర్ 1911 నుంచి పదేళ్లు ఇక్కడున్నారు, పై అంతస్తులోని ఆయన గది ముందు ఎప్పుడూ వరస. 1933 నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మొయిత్రా ప్రాణాలు పోయాయి. బురుజు లోపలి పాలరాతి పలకల మీద ప్రాంతాలవారీగా పేర్లు చెక్కారు, బెంగాల్, పంజాబ్‌ల వాళ్లే ఎక్కువ. ఈ గౌరవం న్యాయమైనదే. అయితే ద్వీపాంతర శిక్ష ఈ జైలుతో మొదలు కాలేదు. మొదటి 200 మంది ఖైదీలు 1858 మార్చిలోనే ఇక్కడ దిగారు. జైలు లేచేదాకా నలభై ఏళ్ల పాటు అడవి కొట్టింది, రోడ్లు వేసింది, చలిజ్వరంతో చచ్చింది పేరు తెలియని వేలమంది. శిక్షలో కొంత గడిచాక సెలవు చీటీ మీద బయటికొచ్చి, ఆడ ఖైదీలను పెళ్లాడి, పొలం చేసుకున్నవాళ్లున్నారు. వాళ్ల సంతతే ఇవాళ్టి ‘లోకల్ బార్న్’ జనం. 1921 మలబారు మాప్పిళ్ల తిరుగుబాటు ఖైదీలు తాము స్థిరపడ్డ చోట్లకు కేరళ ఊళ్ల పేర్లు పెట్టుకున్నారు: మలప్పురం, మంజేరి, తిరూర్, కాలికట్. దక్షిణ అండమాన్‌లో కారు కిటికీలోంచి ఆ బోర్డులు చదివే పిల్లవాడు ‘ఇదేంటి, కేరళ ఇక్కడుంది?’ అని అడిగితే, అంతకంటే మంచి పాఠం ఏ ప్రదర్శనలోనూ లేదు.

మనవాళ్ల కథా ఈ ఖాళీలోనే పడిపోయింది. 1857 జూలై 17న హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడిని తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి నడిపిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్ పంపారు. తిరిగి రాలేదు, అక్కడే పోయాడు. 1922–24 రంప పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాళ్లలో కొందరిదీ ఇదే దారి. కోఠీ మహిళా విశ్వవిద్యాలయంలో ఉన్న రెసిడెన్సీ భవనం ముందు నుంచి రోజూ బస్సులో వెళ్లే హైదరాబాద్ పిల్లలకు ఈ ముడి ఎవరో ఒకరు విప్పి చెప్పాలి. గైడు బెంగాల్ కథలు బాగా చెబుతాడు, ఆ సంప్రదాయం అలా స్థిరపడింది. మన కథ మనం ఇంటి దగ్గరే చదువుకుని వెళ్లడం మేలు.

అసలైన తప్పిపోయిన అధ్యాయం ఇంకోటి ఉంది. 1942 మార్చి నుంచి 1945 అక్టోబరు దాకా ఈ దీవులు జపాన్ చేతిలో ఉన్నాయి. 1943 డిసెంబరు 30న నేతాజీ ఇక్కడ జెండా ఎగరేశారు; ఆ ఘట్టం ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంది. అదే రోజుల్లో దివాన్ సింగ్ అనే డాక్టరు, పంజాబీ కవి, ఇదే జైల్లో జపాన్ సైన్యం చిత్రహింసలు అనుభవిస్తున్నాడు. 1944 జనవరి 14న చనిపోయాడు. ఆ నెల 30న హంఫ్రీగంజ్‌లో గూఢచారులన్న నెపంతో 44 మందిని కాల్చేశారు. అక్కడో స్మారకం ఉంది, టూరు బస్సులు ఆగవు. జైలంటే తెల్లవాళ్లు మనవాళ్లను పెట్టింది అనే గీతలోకి ఈ కథ ఇమడదు కాబట్టి దాన్ని పక్కన పెట్టారనిపిస్తుంది. పన్నెండేళ్లు దాటిన పిల్లలు ఈ చిక్కును భరించగలరు, పైగా ఇష్టపడతారు. పెద్దవాళ్లకే అది ఇబ్బంది.

ఏడు బారుల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. పోయిన నాలుగింటిలో రెండు జపాన్ కాలంలో పోయాయి. మిగతా రెండూ స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రభుత్వమే పడగొట్టింది. ఆ ఆవరణలోనే 1963లో గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి వచ్చింది. మాజీ ఖైదీలు అడ్డుపడకపోతే ఆ మూడు బారులూ ఉండేవి కావు. 1979 ఫిబ్రవరి 11న జైలు జాతీయ స్మారకమైంది.

ఇక పోర్ట్ లూయీ. ఆప్రవాసీ ఘాట్ మొత్తం విస్తీర్ణం 1,640 చదరపు మీటర్లు, అరెకరం కూడా లేదు. 1849లో కట్టిన వలస డిపోలో ఇవాళ ఉన్నవి మూడు రాతి కట్టడాల అవశేషాలు, రేవులో దిగే మెట్లు, ఆసుపత్రి గోడల భాగం, వంటశాల, మరుగుదొడ్ల పునాదులు. పక్కనే కార్లు దూసుకుపోయే మోటారు రోడ్డు. ఆ రోడ్డు కిందే డిపోలో కొంత పోయింది. సెల్యులర్ జైలు చూసిన కళ్లకు ఇది మునిసిపల్ పార్కులో తవ్వి వదిలేసిన చోటులా ఉంటుంది. అయినా 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కారణం రాళ్లు కాదు, వాటి మీదుగా నడిచిన జనం.

1834 నవంబరు 2న కలకత్తా నుంచి ‘అట్లాస్’ అనే ఓడలో 36 మంది కూలీలు వచ్చారు. మరుసటి ఏడు, 1835 ఫిబ్రవరి 1న, మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు బానిసల బదులు ‘స్వేచ్ఛా కూలీలు’ సరిపోతారా అని బ్రిటిష్ ప్రభుత్వం చేసిన ప్రయోగం అది. కుదిరిందనిపించగానే దాన్ని ట్రినిడాడ్, గయానా, నటాల్, ఫిజీల దాకా పాకించింది. మారిషస్‌కు ఒక్కదానికే నాలుగున్నర లక్షల మందికి పైగా వచ్చారు. ఒప్పందం అయిదేళ్లు, మగవాడికి నెలకు అయిదు రూపాయలు, తిండిగింజలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. ఈ కోత లెక్క పిల్లల చేత కాగితం మీద వేయించండి: నెలలో పది రోజులు జ్వరం వస్తే చేతికి ఎంత వస్తుంది?

ఇక్కడ కట్టడం తనంతట తాను ఏమీ చెప్పదు. అందుకే చెప్పే పని మనుషులు పట్టించుకుని చేశారు. 2014లో తెరిచిన బీక్రమ్‌సింగ్ రామ్‌లల్లా వ్యాఖ్యాన కేంద్రం పాత గిడ్డంగిలో ఉంది. ఓడ ఎక్కడం నుంచి తోట బతుకు దాకా కథ సాగుతుంది. ఎర్ర లైట్లు లేవు, ఉపన్యాసం లేదు. ఉన్నవి కాగితాలు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, జిల్లా, ఒంటి మీది గుర్తు, ఓడ పేరు, చివర ఒక నంబరు. 1860ల నుంచి ఫొటో కూడా. కెమెరా వైపు ఎలా చూడాలో తెలియని చూపులు. పిల్లలు ఆ ముఖాల ముందు ఎంతసేపైనా నిలబడతారు, ఎందుకంటే ఎవరూ వాళ్లకు ఏడవమని చెప్పలేదు.

ఆ నంబరే ఈ చోటి రహస్యం. అసలు రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. మారిషస్ పౌరుడు తన ముత్తాత పేరు వెతికించుకుని, ఏ ఓడలో ఏ ఏడు ఏ జిల్లా నుంచి వచ్చాడో తెలుసుకోవచ్చు. తెలుగు మూలాలున్న ఫ్రెంచి రచయిత్రి నతాషా అప్పానా 2023లో వెలువరించిన పుస్తకం 1872లో ఈ రేవులో దిగిన తన పూర్వీకుల గురించే. పోర్ట్ బ్లెయిర్‌లో ఇలాంటి వెతుకులాట కష్టం. జపాన్ ఆక్రమణ కాలంలో చాలా రికార్డులు పోయాయి. కాబట్టి రెండు చోట్ల తేడా అంతా క్యూరేటర్ల తెలివిలోనే ఉందనడం అన్యాయం. కాగితం బతికిన చోట మామూలు మనిషి కథ బతికింది, పోయిన చోట కోర్టు కేసులున్న నాయకుడి కథ నిలిచింది.

తెలుగు కుటుంబానికి ఘాట్ ఇంకో రకంగా దగ్గర. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లినవాళ్లలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల జనం చాలామంది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతోనే అక్కడ తెలుగువాళ్లను పిలిచేవారు. 1839 నవంబరు తుపాను కోరంగిని ముంచింది, తర్వాత ఇసుక మేట వేసింది, ఇవాళ అక్కడికి జనం మడ అడవుల్లో పడవ షికారుకు వెళ్తారు. మారిషస్‌లో మాత్రం ఉగాది ప్రభుత్వ సెలవు. సింహాద్రి అప్పన్న పూజ జరుగుతుంది, దీపం చుట్టూ తిరుగుతూ రాత్రంతా రామభజన సాగుతుంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఇంట్లో క్రియోల్ మాట్లాడుతూ భజనలో తెలుగు పాడే కుర్రవాడిని కలవడం మన పిల్లలకు మంచి షాక్. ‘మా తెలుగు గొప్పది’ అని మనం చెప్పే ఏ మాట కన్నా అది బలంగా తాకుతుంది. అన్నట్టు, తెలుగు కోసం అంత దూరం పోనక్కర్లేదు కూడా. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత ఎక్కువమంది మాతృభాష తెలుగే. పోర్ట్ బ్లెయిర్ చేపల మార్కెట్లో ఉత్తరాంధ్ర యాస వినబడుతుంది. ప్యాకేజీలో ఆ మార్కెట్టు ఉండదు.

ఘాట్‌ను ఇంత మెచ్చుకున్నాను కదా, దాని లోపం చిన్నదేం కాదు. కథను అది విజయంతో ముగిస్తుంది. కూలీల మనవలు మంత్రులయ్యారు, నవంబరు 2 జాతీయ సెలవైంది, శుభం. తోటల్లో విరిగిపోయినవాళ్లు, గర్భశోకంతో తిరిగొచ్చినవాళ్లు, రాలేక మిగిలినవాళ్లు ఈ ముగింపులో పట్టరు. పైగా కూలీ వచ్చింది ఎవరి స్థానంలోకి? మడగాస్కర్, మొజాంబిక్‌ల నుంచి తెచ్చిన బానిసల స్థానంలోకి. వాళ్ల స్మృతికి దీవికి అటు చివర లె మోర్న్ కొండ ఉంది. పారిపోయిన బానిసలు తలదాచుకున్న ఆ కొండను 2008లో యునెస్కో గుర్తించింది. రెండేళ్ల తేడాతో రెండు జాతులకు రెండు స్మారకాలు, దూరదూరంగా. రాజకీయంగా లెక్క సరిపోయింది, చరిత్ర రెండు ముక్కలైంది. 2023లో ఘాట్‌కు నడకదూరంలోనే, పాత సైనిక ఆసుపత్రి భవనంలో, బానిసత్వపు మ్యూజియం తెరిచాక ఆ ముక్కలు కలిపే అవకాశం వచ్చింది. ఒకే పొద్దున ముందు అక్కడికి, తర్వాత ఘాట్‌కు వెళ్లండి. వరస తిరగేస్తే అర్థం మారిపోతుంది.

కళల విషయంలో రెండు దీవులూ పర్యాటకుడికి పై పూత చూపిస్తాయి, మారిషస్ కొంచెం నయం. హోటల్లో రాత్రి భోజనం వేళ రంగు లంగాలతో ఆడే సెగా నాట్యం రిసార్టు సరుకు. అసలు సెగా బానిసలది. 2014లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది. రవాన్ అనే మేకతోలు వాయిద్యాన్ని మంట దగ్గర కాచి బిగువెక్కిస్తారు, అచ్చం మన డప్పులాగే. డప్పు చూసిన పిల్లవాడికి ఈ పోలిక వెంటనే అందుతుంది, అక్కడి నుంచి వాయించేది ఎవరు, వాళ్లను ఊరు ఎక్కడ నిలబెట్టింది అన్న దాకా మాట సాగుతుంది. భోజ్‌పురీ పెళ్లిళ్లలో ఆడవాళ్లు పాడే గీత్ గవాయీ 2016లో అదే జాబితాలో చేరింది.

అండమాన్‌లో ఈ విషయం దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. అక్కడి ఆదివాసుల కళ, బతుకు చూపేది మానవశాస్త్ర మ్యూజియం. పడవలు, బుట్టలు, గుడిసె నమూనాలు పద్ధతిగా పెట్టారు. కానీ బతికున్న మనుషుల్ని గాజు పెట్టెలో గతించినవాళ్లలా చూపే పాతకాలపు పద్ధతి అది. దానికన్నా ఘోరం, జారవా ఆదివాసుల రక్షిత ప్రాంతం గుండా పోయే ట్రంక్ రోడ్డు మీద ‘వాళ్లు కనిపిస్తారేమో’ అని కిటికీలకు అతుక్కునే టూరిస్టులు. పిల్లలకు ఆ ఆశ పెట్టి తీసుకెళ్లడం జూకు తీసుకెళ్లడంతో సమానం, నేను దాన్ని విహారం అనను. బదులుగా పోర్ట్ బ్లెయిర్ జల క్రీడల ప్రాంగణంలో అబర్డీన్ యుద్ధ స్మారకం చూపించండి. 1859 మేలో గ్రేట్ అండమానీయులు విల్లంబులతో బ్రిటిష్ స్థావరం మీదికి వచ్చారు. దూధ్‌నాథ్ తివారీ అనే పారిపోయిన ఖైదీ, వాళ్లతో ఏడాది బతికినవాడు, ముందుగా కబురందించడంతో తుపాకులు సిద్ధంగా ఉన్నాయి. ఖైదీ కథకు, ఆదివాసి కథకు ఇది కూడలి. ఇందులో మంచివాడెవడో చెడ్డవాడెవడో పిల్లలే వాదించుకుంటారు. జైలు ప్రదర్శనలో దొరకనిది అదే.

చిన్నపిల్లలకు ఏది? ఇక్కడ మారిషస్ సునాయాసంగా గెలుస్తుంది. 1999లో మూతపడ్డ బో ప్లాన్ చక్కెర మిల్లును 2002లో మ్యూజియం చేశారు. ఇనుప చక్రాలు, రోలర్లు ఉన్నచోటే ఉన్నాయి, చివర్లో రకరకాల చక్కెరలు రుచి చూపిస్తారు. తీపి నాలుక మీద ఉండగానే అయిదు రూపాయల జీతం ప్రస్తావన తేవచ్చు. డోడో అస్థిపంజరం, 1847 నాటి తపాలా బిళ్లలు పోర్ట్ లూయీలోనే ఉన్నాయి. బిళ్లల మీద వెలుగు గంటలో కొద్ది నిమిషాలే వేస్తారు కాబట్టి వేళ చూసుకుని వెళ్లాలి. అండమాన్ వైపు నుంచి దీటైనది రాస్ దీవి, ఇప్పటి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. అధికారుల బంగళాలు, చర్చి, రొట్టెల బట్టీ, అన్నింటినీ చెట్ల వేళ్లు చుట్టి పిండేస్తున్నాయి. మధ్యలో జింకలు తిరుగుతుంటాయి. ఇక్కడా రాత్రి ప్రదర్శన ఉంది. పగలు చాలు.

పిల్లలు పన్నెండు దాటినవాళ్లై, ఒకే దీవికి వెళ్లగలిగితే అండమానే ఎంచుకోమంటాను, పై విమర్శలన్నీ అలాగే ఉంచి. ఖర్చు తక్కువన్నది ఒక కారణం. అంతకన్నా, అక్కడ లోపాలున్న కథను సరిచేసే సరంజామా అంతా ఊళ్లోనో, కారులో వెళ్లగల దూరంలోనో ఉంది: అబర్డీన్ స్మారకం, హంఫ్రీగంజ్, కేరళ పేర్ల ఊళ్లు, తెలుగు చేపల మార్కెట్టు. జైలుకు పొద్దున గేటు తెరవగానే వెళ్లండి. సాయంత్రం ప్రదర్శన టికెట్టు దొరక్కపోతే డ్రైవరు మీద కోప్పడకండి.